శృంగవరపుకోట కొండల్లో పక్షుల కోసం ఒక రోజు: గైడుతో వెళ్లేవారికి సూచనలు

విజయనగరం నుంచి శృంగవరపుకోట మీదుగా అనంతగిరికి ఎక్కే ఘాట్ రోడ్డు మన ప్రాంతంలో తెలియనివారు లేరు. అయితే చాలామందికి అది అరకుకో, బొర్రా గుహలకో చేర్చే దారి మాత్రమే. ఆ దారికి ఇరువైపులా ఉన్న రిజర్వు అడవి, దాని మధ్యగా దిగే గెడ్డలు (కొండవాగులు), పైకి వెళ్లాక కనిపించే కాఫీ తోటలు తూర్పు కనుమల పక్షులను చూడడానికి ఎంతో అనువైనవి. దారి తెలిసిన గైడును వెంటబెట్టుకుని, తెల్లవారకముందే బయలుదేరి, చీకటి పడేలోగా ఇంటికి చేరేలా ఆ రోజును ఎలా అమర్చుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. మొదటే చెప్పవలసిన మాట ఒకటుంది. ఈ రోజును అరకు విహారంతో కలపకండి. చూడవలసిన స్థలాల పట్టిక చేతబట్టుకుని, ఒకచోటి నుంచి మరొకచోటికి పరుగులు తీసేవారికి కాకులు, గోరింకలు తప్ప మరేవీ కనబడవు. పక్షుల వేళలను బట్టి రోజును నడుపుకుని, తక్కువ దూరం నడిచి, ఎక్కువసేపు నిలబడగలిగినవారికే ఈ కొండలు తమ దగ్గరున్నది చూపిస్తాయి.

ఈ కొండలకు పక్షిశాస్త్రంలో ఒక స్థానం ఉంది. 1930 ప్రాంతాల్లో జరిగిన వెర్నే శాస్త్రీయ సర్వే తూర్పు కనుమల పక్షులను మొదటిసారి క్రమపద్ధతిలో నమోదు చేసింది. అనంతగిరి ఆ సర్వే బృందం పనిచేసిన చోట్లలో ఒకటి. తరువాతి కాలంలో విశాఖకు చెందిన పక్షిశాస్త్రవేత్త కె.ఎస్.ఆర్. కృష్ణరాజు ఈ కనుమల్లో ఏళ్ల తరబడి పనిచేశారు. అబాట్స్ బాబ్లర్ అనే చిన్న గోధుమరంగు పిట్ట ఇక్కడి గెడ్డల ఒడ్డున ఉన్న పొదల్లో బతుకుతోంది. దాని దగ్గరి చుట్టాలన్నీ ఈశాన్య భారతంలోనూ, ఆపై తూర్పు దేశాల్లోనూ ఉన్నాయి. ఇక్కడి ఉపజాతిని రిప్లీ, బీలర్ అనే శాస్త్రవేత్తలు 1985లో వర్ణిస్తూ దానికి కృష్ణరాజు పేరే పెట్టారు. తేమ అడవులకు అలవాటుపడిన పక్షులు మన కనుమల్లోని నీడపట్టున విడిగా నిలిచిపోయాయని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు. అడవికోడి సంగతి కూడా ఇలాంటిదే. గోదావరికి దక్షిణాన బూడిదరంగు అడవికోడి రాజ్యం కాగా, మన వైపున ఉన్నది ఎర్ర అడవికోడి, అంటే మన పెరటి కోళ్లన్నిటికీ మూలమైన జాతి.

ఎప్పుడు వెళ్లాలి

నవంబరు చివరి నుంచి మార్చి నడుమ వరకు అనుకూలమైన కాలం. ఈ కాలంలోనూ రెండు భాగాలున్నాయి. డిసెంబరు, జనవరి నెలల్లో హిమాలయాల నుంచి, ఇంకా ఉత్తరాన ఉన్న దేశాల నుంచి వలస వచ్చిన పక్షులు అడవిలో నిండుగా ఉంటాయి కనుక, చూసే జాతుల సంఖ్య ఎక్కువగా ఉంటుంది. ఫిబ్రవరి మూడో వారం దాటాక ఆకురాలే చెట్లు బోసిపోతాయి, బూరుగ, మోదుగ పూస్తాయి, స్థానిక పక్షులు పాటలు మొదలుపెడతాయి. అప్పుడు జాతులు కొంత తగ్గినా, కనబడిన పక్షి బాగా కనబడుతుంది. తొలిసారి వెళ్లేవారికి నేను రెండో భాగాన్నే సూచిస్తాను. దట్టమైన ఆకుల మధ్య ఎక్కడో కదిలిన నీడను పట్టుకోవడం కంటే, ఆకు లేని బూరుగ కొమ్మ మీద ఎర్రని పూల మధ్య కూర్చున్న పక్షిని తీరికగా చూడడం కొత్తవారికి ఎక్కువ ఉత్సాహాన్నిస్తుంది. వానాకాలంలో గెడ్డలు పొంగుతాయి, ఘాట్ రోడ్డు మీద రాళ్లు జారుతాయి కాబట్టి అప్పుడు ఈ ఆలోచన మానుకోవడమే మంచిది. ఆదివారాలు, పండుగ సెలవులు కూడా వద్దు. ఆ రోజుల్లో ఘాట్ మీద వాహనాల హారన్ల మధ్య పక్షి కూత వినబడదు.

గైడును కుదుర్చుకోవడం

ఈ యాత్రలో అన్నిటికంటే ముఖ్యమైన ఎంపిక ఇదే, కనుక దీనికి కొంత శ్రమ పడవలసిందే. కొండ గ్రామాల యువకుల్లో పక్షులను బాగా ఎరిగినవారు ఉన్నారు. పట్నాల్లోని ప్రకృతి ప్రేమికుల బృందాలతో కలిసి తిరిగి, శాస్త్రీయ నామాలు కూడా నేర్చుకున్నవారూ ఉన్నారు. రెండు రకాల్లో ఎవరైనా పరవాలేదు. మాట్లాడేటప్పుడు మాత్రం, “ఏ పక్షులు చూపిస్తావు?” అని అడగకండి. దానికి అందరూ పెద్ద పట్టికే చెబుతారు. “ఈ వారం ఏ మర్రి కాపు మీద ఉంది? ఏ గెడ్డలో నీళ్లున్నాయి? పొద్దున్న మొదట ఎక్కడ ఆగుదాం?” అని అడగండి. ఈ ప్రశ్నలకు తడుముకోకుండా సమాధానం చెప్పేవాడు నిన్న, మొన్న అడవిలో తిరిగినవాడు. పక్షి పేర్లు అతనికి తన ఊరి భాషలోనే వచ్చినా ఫరవాలేదు. బొమ్మలున్న పుస్తకాన్ని వెంట తీసుకువెళ్తే, అతను చెప్పిన పేరునూ పుస్తకంలోని బొమ్మనూ ఇద్దరూ కలిసి జతచేసుకోవచ్చు. ఒకప్పుడు వేటకు తిరిగిన కుటుంబాలవారికి చెవి చాలా పదునుగా ఉంటుందని నా అభిప్రాయం. ఆ చెవిని పక్షులను కాపాడే పనికి మళ్లించి, దానితోనే నాలుగు డబ్బులు సంపాదించుకునే అవకాశం వారికి కలిగితే అడవికీ మేలే.

ఒక గైడుకు ఆరుగురి కంటే ఎక్కువ మంది ఉండకూడదు. పదిమంది వస్తే ఇద్దరు గైడులను పెట్టుకుని వేర్వేరు దిక్కులకు వెళ్లండి. రోజు కూలి, భోజనం, వాహనం ఎవరిది, ఎన్ని గంటలు అన్నవి ముందురోజే తేల్చుకుంటే మర్నాడు బేరసారాల ప్రసక్తి రాదు. అనుమతుల విషయం కూడా గైడుతోనే మాట్లాడాలి. రోడ్డు మీద నిలబడి చూడడం వేరు, రిజర్వు అడవిలోకి దిగి నడవడం వేరు. రెండోదానికి అటవీ శాఖ అనుమతి కావాలి. 2022లో జిల్లాలను విడగొట్టినప్పుడు శృంగవరపుకోట (ఎస్.కోట) విజయనగరం జిల్లాలో ఉండిపోగా, అనంతగిరి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. అందువల్ల కొండ కింద ఒక కార్యాలయం, కొండ పైన మరొకటి అడగవలసి రావచ్చు. ముందుగా కనుక్కుని ఉంచమని గైడుకు చెప్పండి. ఇంకొక ప్రశ్న కూడా మరవకండి: ఫోనులో పక్షి కూతలను పెట్టి పక్షులను రప్పిస్తాడా అని. అవునంటే, మనకది వద్దని మర్యాదగా చెప్పండి. కూతను విన్న మగపక్షి తన జాగాలోకి మరొకటి చొరబడిందని భ్రమపడి, మేత మానేసి, లేని శత్రువు కోసం వెతుకుతూ తిరుగుతుంది. గూడు కట్టే కాలంలో ఇది దానికి నిజమైన నష్టం.

బైనాక్యులర్‌ను సరిచేసుకోవడం

బట్టలు, చెప్పుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మట్టిరంగో, ఆకుపచ్చో, నిండు చేతుల చొక్కా, మడమను కప్పే బూట్లు, ఒక టోపీ, పొద్దుటి చలికి ఒక స్వెట్టరు చాలు. కొండ కిందికీ, వెయ్యి మీటర్ల ఎత్తుకూ మధ్య ఆరు డిగ్రీల వరకు తేడా ఉంటుందని గుర్తుంచుకోండి. ఏజెన్సీలో మలేరియా ఉన్న మాట నిజం కనుక దోమల మందు రాసుకోండి. తెలుపు, ఎరుపు చొక్కాలు, గలగలలాడే ప్లాస్టిక్ సంచులు, అత్తరు ఇంట్లోనే ఉంచండి. టిఫిన్ కట్టించుకుని వెళ్లండి. పులిహోర అయితే మధ్యాహ్నం దాకా పాడవదు. చోడి (రాగి) అంబలి ఒక సీసాలో పోసుకుంటే దాహమూ, ఆకలీ రెండూ తీరుతాయి.

బైనాక్యులర్ విషయం మాత్రం వివరంగా చెప్పాలి. దానిపై 8×42 అని రాసి ఉంటే, 8 అన్నది ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో, 42 అన్నది ముందరి అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో తెలుపుతాయి. పది రెట్లది కొంటే ఇంకా బాగా కనబడుతుందని చాలామంది అనుకుంటారు. అడవిలో అది నిజం కాదు. రెట్లు పెరిగినకొద్దీ చేతి వణుకు కూడా పెరిగి కనబడుతుంది, చూపులో పట్టే జాగా తగ్గుతుంది, కొమ్మల మధ్య పక్షిని వెతికి పట్టుకోవడం కష్టమవుతుంది. కాబట్టి ఎనిమిది రెట్లదే తీసుకోండి.

దాన్ని మీ కళ్లకు సరిచేసుకోవడం ముందురోజు ఇంటి దగ్గరే చేయాలి. మొదట రెండు గొట్టాలను మడత దగ్గర వంచి, రెండు కళ్లకూ కలిపి ఒకే గుండ్రని చిత్రం కనబడేదాకా దగ్గరకో దూరానికో జరపండి. కళ్లజోడు పెట్టుకునేవారు కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి దించుకోవాలి, లేనివారు పైకి ఎత్తుకోవాలి. తరువాత వీధి చివర ఉన్న ఏదో దుకాణం బోర్డును చూస్తూ, కుడి కన్ను మూసి, మధ్యలో ఉన్న చక్రాన్ని తిప్పుతూ ఎడమ కంటికి అక్షరాలు పదునుగా కనబడేలా చేయండి. ఇప్పుడు ఎడమ కన్ను మూసి, మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా, కుడి గొట్టం మీద కంటికి దగ్గరగా ఉన్న చిన్న వలయాన్ని మాత్రమే తిప్పి, కుడి కంటికి కూడా అదే అక్షరం పదునుగా కనబడేలా చేయండి. ఆ వలయం ఏ గుర్తు దగ్గర ఆగిందో చూసి పెట్టుకుంటే, అక్కడి నుంచి రోజంతా మధ్య చక్రం ఒక్కటి తిప్పితే సరిపోతుంది. మనిషి మనిషికీ ఈ గుర్తు మారుతుంది కనుక, ఒకరి బైనాక్యులర్ మరొకరు తీసుకున్నప్పుడల్లా దీన్ని సరిచూసుకోవాలి. “నాకేమీ కనబడడం లేదు” అనేవారిలో చాలామందికి అడ్డుపడేది ఈ వలయమే.

పక్షి కనబడగానే తల దించి బైనాక్యులర్‌ను వెతుక్కోకూడదు. చూపును పక్షి మీదే నిలిపి, దాన్ని కళ్ల ముందుకు ఎత్తుకోవాలి. ఈ అలవాటు కోసం ఇంటి ముందు కరెంటు తీగ మీది కాకి మీద ఒక పూట సాధన చేయండి. శ్రీకాకుళం వైపు వారికి ఇంతకంటే మంచి బడి ఉంది. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో సెప్టెంబరు నుంచి మార్చి దాకా పెలికాన్‌లు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. ఇచ్ఛాపురం మండలంలోని తేలుకుంచికి వానలతో పాటే నత్తగుల్ల కొంగలు వస్తాయి. పెద్దవిగా, తెల్లగా, కదలకుండా కూర్చునే ఈ పక్షుల మీద చేయి కుదిరాక కొండల్లోని చిన్న పిట్టల జోలికి వెళ్లడం సులువు.

తెల్లవారుజాము నుంచి పది గంటల దాకా

మన జిల్లాలు తూర్పు తీరాన ఉన్నందువల్ల పొద్దు తొందరగా పొడుస్తుంది. జనవరిలో సైతం ఆరున్నరకల్లా సూర్యుడు పైకి వస్తాడు. దానికి అరగంట ముందే కొండ మొదట్లో ఉండాలంటే విజయనగరంలో నాలుగున్నరకు కదలాలి. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే పాసింజరు రైలు అందమైనదే అయినా, అది ఈ స్టేషన్లకు వచ్చేసరికి పొద్దెక్కిపోతుంది. కాబట్టి వాహనమే కుదుర్చుకోండి. డ్రైవరు హారన్ కొట్టనివాడై ఉండాలి. ఎస్.కోట దాటాక చీకట్లో రోడ్డు మీద రెండు ఎర్రని నిప్పుకణికల్లాంటివి కనబడితే బండి ఆపించండి. అది రోడ్డు వెచ్చదనానికి కూర్చున్న కప్పిరిగాడు, అంటే నైట్‌జార్ అనే రాత్రి పక్షి. బల్లపరుపుగా నేలకు అతుక్కుని ఉంటుంది కనుక లైట్లు తగ్గించి చూస్తే కాసేపు కదలదు.

నేరుగా పైకి వెళ్లిపోకండి. చలికాలంలో ఎనిమిది, ఎనిమిదిన్నర వరకు పైభాగమంతా మంచు కమ్ముకుని ఉంటుంది. అక్కడ చేసేదేమీ ఉండదు. బొడ్డవర దాటాక, పొలాలూ జీడిమామిడి తోటలూ అడవిని తాకే చోట మొదట ఆగండి. తీగల మీద పాలపిట్ట, నల్లని చీలికతోక పసులపోలిగాడు, ఆకుపచ్చని చిన్న పసిరిక పిట్టలు ఉంటాయి. వెలుతురు రాకముందే అడవికోడి కూస్తుంది. అక్కడి ఊళ్లలో నాటుకోళ్లూ కూస్తాయి కాబట్టి తేడా తెలుసుకోవాలి. నాటుకోడి కూత చివర సాగుతుంది, అడవికోడి కూత చివర ఠక్కున తెగిపోతుంది. కూత విన్న వైపు రోడ్డు అంచును గమనిస్తే, పుంజు ఒకటి రెండు పెట్టలతో మేతకు బయటికి వచ్చి, మిమ్మల్ని చూడగానే పొదల్లోకి పరుగెత్తడం కనబడవచ్చు.

వెలుతురు నిండాక శివలింగపురం పైన ఎక్కడో ఒక గెడ్డ దాటే చోట బండి ఆపి, దిగి నడవాలి. ఎక్కడన్నది గైడుకు వదిలేయండి. రెండు గంటల్లో ఒక కిలోమీటరు నడిస్తే చాలు. కొందరికి ఇది విసుగనిపిస్తుంది. వారిని తీసుకురాకపోవడమే మేలు. గెడ్డ మలుపులో రాతి మీద కూర్చుని, మాట్లాడకుండా ఇరవై నిమిషాలు గడపండి. మొదటి ఐదు నిమిషాలు ఏమీ ఉండదు. మన రాకతో బెదిరినవి తిరిగి వచ్చాకే అసలు పని మొదలవుతుంది. నీటి అంచున తోక ఊపుతూ బూడిద వాగ్‌టెయిల్ తిరుగుతుంది. నేలమీది ఎండుటాకులను తిరగేసే చప్పుడు వస్తే అది నారింజ తల థ్రష్ కావచ్చు. పొదల లోతట్టు నుంచి తియ్యని, రకరకాల మలుపుల పాట వస్తే అది పొదనలంచి, అంటే షామా. మన ఊళ్లలో పెద్దనలంచి పాడే పాట కంటే దీనిది మరింత నిండుగా ఉంటుంది. మూడు నాలుగు స్వరాల ఈల, మళ్లీ మళ్లీ అదే వరసలో, మోకాలి ఎత్తు పొదల నుంచి వినబడితే, పైన చెప్పిన అబాట్స్ బాబ్లర్ దగ్గరలో ఉన్నట్టు. అది కనబడాలని పొదలోకి దూరకండి. విన్నది విన్నట్టు రాసుకుంటే చాలు. ఆకుపచ్చ రెక్కలతో నేలకు దగ్గరగా, బాణంలా దూసుకుపోయే గువ్వను మాత్రం ఎవరూ కళ్లారా చూశామని చెప్పలేరు. గైడు పేరు చెప్పేసరికి అది గెడ్డ అవతల ఉంటుంది.

చూపించే పద్ధతి గురించి ఒక మాట. చేయి చాపి “అదిగో అక్కడ” అంటే ఎవరికీ అర్థం కాదు సరికదా, ఆ చేతి కదలికకే పక్షి ఎగిరిపోతుంది. చెట్టును గడియారం ముఖంగా అనుకోండి. “రోడ్డు పక్కనున్న మద్ది, మాను చీలిన చోటు నుంచి రెండు గంటల వైపు కొమ్మ, సగం దూరంలో” అని గొంతు తగ్గించి చెబితే ఆరుగురూ ఒకేసారి చూడగలుగుతారు.

ఎనిమిది దాటాక ఒక వింత జరుగుతుంది. అరగంటసేపు నిశ్శబ్దంగా ఉన్న అడవిలో ఒక్కసారిగా నాలుగువైపులా చిన్న చిన్న కూతలు మొదలై, పదిహేను, ఇరవై పిట్టలు మీ తల మీదుగా సాగిపోతాయి. ఇవి ఒకే జాతివి కావు. చలికాలంలో పురుగులు తినే రకరకాల పక్షులు జట్టుకట్టి మేతకు తిరుగుతాయి. ఒకరు లేపిన పురుగు మరొకరికి ఆహారమవుతుంది, గద్ద వస్తే ఎవరో ఒకరు ముందుగా చూస్తారు. ఈ జట్టులో తరచుగా పొడవాటి తోక ఈకల చివర రెండు చిన్న బ్యాట్‌ల వంటి పీలికలు వేలాడే రాకెట్ తోక పసులపోలిగాడు ఉంటుంది. ముందు దాన్ని గుర్తించండి, మిగిలినవి దాని చుట్టుపక్కలే ఉంటాయి. కొమ్మల చివర కుంకుమపూజిట్టలు, అంటే మినివెట్లు ఉంటాయి. మగది ఎరుపు-నలుపు, ఆడది పసుపు-బూడిద కాబట్టి రెండు వేర్వేరు జాతులని పొరబడకండి. మాను మీద తలకిందులుగా పాకేది నటాచ్. కింది పొదల్లో గుంపుగా, చప్పుడు చేస్తూ కదిలేవి గోధుమ చెంపల ఫుల్వెట్టాలు. అన్నిటినీ ఒకేసారి చూడాలని బైనాక్యులర్‌ను అటూ ఇటూ ఊపితే ఒక్కటీ దక్కదు. జట్టు సాగే దిక్కును గైడు చెబుతాడు, నాలుగడుగులు ముందుకు వెళ్లి నిలబడి, ఎదురుగా వచ్చేవాటిని ఒక్కొక్కటిగా చూడండి. చిన్న పిట్టలు కదలకుండా ఒకేచోట చేరి కోపంగా అరుస్తూ ఉంటే మాత్రం అది మేత జట్టు కాదు. మధ్యలో గుడ్లగూబ జాతిదో, పామో ఉండి ఉంటుంది. అడవి పైడికంటె అనే చిన్న గుడ్లగూబను పగటివేళ చూసే సులువైన మార్గం అదే.

కాపు మీదున్న మర్రి దొరికిందా, ఆ రోజు పండినట్టే. చెట్టుకు ముప్పై అడుగుల దూరంలో, సూర్యుణ్ని వీపు వైపు ఉంచుకుని నిలబడండి. మొదట చూసినప్పుడు ఆకులు తప్ప ఏమీ ఉండవు. నేల మీద పళ్లు రాలుతున్నాయా, గాలి లేకుండానే ఆకు కదులుతోందా అన్నది చూడండి. ఆకు కదిలిన చోట బైనాక్యులర్ నిలిపి ఆగితే, ఆకుపచ్చలోంచి ఒక పసుపు రంగు కాలు, ఆపైన బూడిదరంగు తల, చివరికి పచ్చగువ్వ మొత్తం తేలుతుంది. ఒక్కటి దొరికాక ఆ కొమ్మ మీదే మరో ఐదారు ఉన్నాయని తెలుస్తుంది. కొండ వంగపండు అనే నల్లతల పసుపుపిట్ట, పిగిలిపిట్టలు, కంటి కింద నుంచి మెడ వెనక దాకా పసుపు తోలు ఉన్న కొండగోరింకలు, కంసాలిపిట్ట అన్నీ అదే చెట్టుకు వస్తాయి. కంసాలిపిట్ట టుక్కు టుక్కుమని ఒకేచోట కూర్చుని అరుస్తున్నా, తలను అటూ ఇటూ తిప్పుతుంది గనుక చప్పుడు చోటు మారుతున్నట్టు వినబడుతుంది. దాని కోసం చెట్టు చిటారున, ఎండిన కొమ్మ మీద వెతకాలి.

తొమ్మిదిన్నర ప్రాంతానికి నేల వేడెక్కి గాలి పైకి లేవగానే గద్దలు బయలుదేరతాయి. లోయ విశాలంగా కనబడే ఒక మలుపులో, వాహనాలకు అడ్డం కాకుండా నిలబడి ఆకాశాన్ని చూడండి. గుండ్రంగా తిరుగుతూ, రెక్కల అడుగున వెనక అంచు వెంబడి వెడల్పాటి తెల్ల చార ఉండి, సాగదీసిన ఈలలాంటి కూత వేస్తే అది పాములగద్ద. ఈ కొండల్లో ఎక్కువగా కనబడే గద్ద ఇదే. మిగిలిన గద్దల విషయంలో తొలి యాత్రలోనే పేర్లు పెట్టేయాలని తొందరపడనక్కర్లేదు.

కాఫీ తోటల్లో

మంచు విడిపోయాక పైకి వెళ్లండి. అనంతగిరి చుట్టుపక్కల కాఫీ మొక్కలకు నీడగా సిల్వర్ ఓక్ చెట్లనూ, వాటికి అల్లుకున్న మిరియాల తీగలనూ పెంచుతారు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు కాఫీ పళ్లు కోసే కాలం కనుక తోటలో కూలీలు పనిలో ఉంటారు. వారిని పలకరించి, తోటవారి అనుమతి తీసుకునే లోపలికి అడుగుపెట్టండి. చెట్టు చిటారు కొమ్మ మీద నిలువుగా కూర్చుని, గాల్లో పురుగును పట్టి మళ్లీ అక్కడికే వచ్చే నీలిరంగు పిట్ట వెర్డిటర్ ఫ్లైక్యాచర్. ఇది చలికాలపు అతిథి. ఆకుల మధ్య క్షణం నిలవకుండా తిరుగుతూ, చిన్నగా, పచ్చని వీపుతో, కంటి మీద తెల్లని గీతతో ఉన్నది గ్రీనిష్ వార్బ్లర్. ఇలాంటి పిట్టలు మరికొన్ని ఉండడం వల్ల రూపం కంటే “చిస్-వీ” అన్న కూతను నమ్ముకోవడమే మంచిది. ట్రెవర్ ప్రైస్ అనే శాస్త్రవేత్త తూర్పు కనుమల్లోనే దీనిపై పరిశోధన చేశారు. పది గ్రాములైనా తూగని ఈ పిట్ట చలికాలమంతా తన జాగాను కాచుకుంటుందనీ, మరుసటి ఏడాది వేల కిలోమీటర్లు తిరిగి వచ్చి అదే జాగాను చేరుకుంటుందనీ ఆయన చూపించారు. కాబట్టి ఒక తోటలో నీడచెట్లను కొట్టివేస్తే, ఆ ఏడు అక్కడికి తిరిగివచ్చిన పిట్టకు తన చోటు దొరకదు.

పదకొండు దాటాక ఎంత తిరిగినా లాభం ఉండదు. తెచ్చుకున్నది తిని, నీడలో నడుం వాల్చండి. ఘాట్ మీద కోతులకు మాత్రం ఏమీ పెట్టకండి. అవి రోడ్డుకు అలవాటుపడి బండ్ల కింద పడుతున్నాయి. పైగా పక్షుల గూళ్లలోని గుడ్లను కూడా వదలవు.

సాయంత్రం తాటిపూడి

మధ్యాహ్నం నెమ్మదిగా కిందికి దిగి, మూడు గంటలకు తాటిపూడి జలాశయం చేరుకోండి. గోస్తనీ నది మీద 1960లలో కట్టిన ఈ జలాశయం మూడు వైపులా కొండలతో, గట్టు మీద నుంచి సూర్యుడు వెనకకు వాలే వేళ చూడడానికి అనువుగా ఉంటుంది. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ ఉంటాయి. నలుపు-తెలుపు లకుముకి పిట్ట గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, నిటారుగా నీటిలోకి దూకుతుంది. ఇక్కడ తొందర లేదు, నడక లేదు. పొద్దుటి నుంచి మెడ ఎత్తి చూసినవారికి ఇది విశ్రాంతి.

జాగ్రత్తలు, మర్యాదలు

ఎండుటాకుల్లో చేయి పెట్టకండి, రాతి మీద కూర్చునే ముందు దాని అంచులు చూసుకోండి. ఘాట్‌లో చాలాచోట్ల ఫోను సిగ్నలు ఉండదు కనుక ఎన్నింటికి దిగుతారో ఇంట్లో ముందే చెప్పండి. గూడు కనబడితే ఒక్కసారి చూసి పక్కకు తప్పుకోండి. దాని ఫొటో కోసం ఆకులను తొలగిస్తే కాకులకు దారి చూపినట్టే. కొండగోరింకను గానీ, చిలుకను గానీ పంజరంలో పెట్టి అమ్మేవారు ఎదురైతే జాలిపడి కొనకండి. ఒకటి కొంటే వారు మరొకటి పడతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడం, అమ్మడం, పెంచడం కూడా నేరమే. ఉండేలు పట్టుకున్న పిల్లలు ఎదురైతే మాత్రం కోపగించుకోకుండా, బైనాక్యులర్‌ను వారి చేతికిచ్చి చూడనివ్వండి. నేను చూసినంతలో దానికంటే బాగా పనిచేసే ఉపన్యాసం లేదు.

కురుపాం, సీతంపేట వైపు కొండలకు ఇదే పద్ధతిలో వెళ్లాలనుకునేవారు ఒక విషయం గమనించాలి. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు ఆ ప్రాంతంలో తిరుగుతున్నాయి. ఆ రోజు అవి ఎక్కడున్నాయో అటవీ సిబ్బందిని అడగకుండా తెల్లవారుజామున అటు వెళ్లడం ప్రమాదకరం. శ్రీకాకుళం వారికి మందస మీదుగా 1,501 మీటర్ల ఎత్తైన మహేంద్రగిరి దగ్గరే అయినా, ఆ శిఖరం ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది కనుక అనుమతులు అక్కడివారి నుంచే తీసుకోవాలి.

రాసుకోవడం

ఆగిన ప్రతి చోటికీ ఒక విడి పట్టిక రాయండి. మొదలుపెట్టిన సమయం, ఎంతసేపు ఉన్నారు, ఎంత దూరం నడిచారు, ఒక్కో జాతి ఎన్ని కనబడ్డాయి అన్నవి అందులో ఉండాలి. “చాలా” అని రాయకుండా అంచనాగానైనా ఒక సంఖ్య వేయండి. చూసినవీ, విన్నవీ రెండూ లెక్కే. గుర్తుపట్టలేని గద్దను “గద్ద, జాతి తెలియదు” అని రాయడం తప్పుడు పేరు పెట్టడం కంటే ఎంతో నయం. ఇంటికి వచ్చాక ఈ పట్టికలను పక్షుల నమోదు వెబ్‌సైటైన ఈబర్డ్‌లో ఎక్కిస్తే, విజయనగరం కొండల గురించి ఉన్న కొద్దిపాటి సమాచారానికి మీ వంతు కలుస్తుంది. ఏటా ఫిబ్రవరిలో జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపు నాలుగు రోజుల్లో ఒకదానికి మీ యాత్రను అమర్చుకుంటే మరీ మంచిది. గూళ్లున్న చోట్లనూ, గుడ్లగూబ పగలు నిద్రపోయే చెట్టునూ మాత్రం బహిరంగంగా రాయకండి.

చీకటి పడేలోగా, తాటిపూడి గట్టు మీదే గైడుతో కూర్చుని ఆ రోజు పట్టికను ఒకసారి పైనుంచి కిందికి చదవండి. మీరు రాసినవాటిలో రెండు మూడింటిని అతను కొట్టేస్తాడు, మీరు మరచిన ఐదారింటిని చేరుస్తాడు. ఒప్పుకున్న కూలిని అక్కడే చేతికిచ్చి, వచ్చే నెలలో ఏ గెడ్డ దగ్గరి మర్రి కాపుకు వస్తుందో అడిగి, ఆ తేదీని అదే పుస్తకంలో రాసుకోండి.